రోకటిపోటుకో ఫ్రెంచి అక్షరం

కొత్తగా కట్టించుకున్న పళ్ళ సెట్టు మీద నాకో ఫిర్యాదు ఉంది. నమలడానికి పనికిరాదని కాదు. ఈ వయసులో నేను నమిలి ఉద్ధరించేది ఏమీ లేదు. 'స' అనబోతే ఈల వస్తోంది. మా వీధిలో సుబ్బారావని ఒకాయన ఉన్నాడు. ఆయన్ని పిలిచినప్పుడల్లా పక్కింటి కుక్క వస్తోంది. శ్రీకాకుళంలో పళ్ళ డాక్టరమ్మకి మా మనవరాలి వయసుంటుంది. ఇదంతా మామూలే, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది అంది. కుర్చీలో వెనక్కి వాల్చి, "ఏదో ఒకటి పైకి చదవండి సార్, శ్లోకమో పద్యమో. ఎక్కడ జారుతోందో చూస్తాను" అంది. నాకు పద్యాలు బోలెడు వచ్చు. వచ్చినవన్నీ వదిలేసి నా నోరు తన ఇష్టానికి తాను "ను పార్లోఁ, వు పార్లే, ఇల్ పార్ల్" అంది. డాక్టరమ్మ చేతిలో అద్దం పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "సార్, రెండు చేతులూ ఒకసారి పైకెత్తగలరా?" అంది. పక్షవాతమేమోనని అనుమానమట.

ఎత్తాను. రెండూ సమానంగానే లేచాయి. "ఏ భాష సార్ అది?" అని అడిగింది. ఏమీ లేదమ్మా, ఏదో పాతది అన్నాను. ఆమె నమ్మలేదు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఆ మాటలు నేను పైకి అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళు నన్ను అలాగే చూశారు, మొదటినుంచీ.

విజయనగరంలో కాలేజీలో చేరినప్పుడు రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నాను. ఎందుకని అడిగినవాళ్ళకి ప్రపంచ జ్ఞానం, విశాల దృక్పథం అని రకరకాలుగా చెప్పేవాణ్ణి. అసలు సంగతి, ఫ్రెంచి తీసుకున్నవాడు తప్పడని హాస్టల్లో ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని వమ్ము చేసిన మొదటివాణ్ణి నేనే. మా లెక్చరరు గారు చాలా మంచివారు. క్రియాపదాల రూపాలన్నీ బోర్డు నిండా ముత్యాల్లా రాసేవారు, పలికేవారు మాత్రం కాదు. పలకమంటే గొంతు బాగోలేదనేవారు. ఏడాది పొడుగునా బాగోలేదు. ఆయనకీ పలకడం రాదేమోనని మా అనుమానం. మాకు అనుమానం వచ్చిందేమోనని ఆయన అనుమానం. ఆ విధంగా పరస్పర మర్యాదతో కాలం గడిచింది. చివర్లో నోటి పరీక్షకి బయటినుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఆయన చేతికిచ్చిన పుస్తకంలో రాసిన అక్షరాలన్నీ, ఒక్కటి కూడా వృథా పోనివ్వకుండా, రైతు బిడ్డని కనక గింజ గింజా ఏరుకున్నట్టు పలికాను. ఆయన కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గారు. మళ్ళీ సెప్టెంబరులో కనబడమన్నారు.

సెప్టెంబరులో కూడా తప్పితే రాజాంలో మా మేనమామ బియ్యం మిల్లులో కూర్చోవాలని నాన్న తీర్మానం. అలా ఆ వేసవిలో చీపురుపల్లి స్టేషన్లో దిగి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రెండు కోసులు నడిచి ఇల్లు చేరాను. తెల్లారేసరికి మా ఇంట్లో రెండు వాసనలు లేచేవి. ఒకటి చోళ్ళతో, అంటే రాగులతో కాచిన అంబలి పులుపు, రెండోది మామ్మ చుట్ట. మా నాన్నకి తల్లి, అడ్డపొగ మనిషి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఆ నిప్పు నోట్లో ఉండగానే పేడ కళ్ళాపి జల్లేది, కోడల్ని తిట్టేది, దారే పోయేవాళ్ళని పలకరించేది. మాటకీ మాటకీ మధ్య చెవుల్లోంచి కూడా పొగ వస్తోందేమో అనిపించేది. ఆవిడ చుట్ట బయటికి తీసి మాట్లాడిందంటే విషయం పెద్దదని ఇంటిల్లిపాదీ గ్రహించేవాళ్ళం.

అరుగు మీద కూర్చుని నేను ఫ్రెంచి వల్లిస్తూంటే మూడు రోజులు విని నాలుగో రోజు అడిగింది. "ఏట్రా ఆ సదువు? నత్తోడు తిట్టినట్టున్నాది."

"ఫ్రెంచి, మామ్మా. ఇదిగో, ఈ మాట చూడు. రాసేది ఏడక్షరాలు, పలికేది నాలుగు."

"మరి మిగతా మూడూ?"

"అవి ఊరికే ఉంటాయి."

మామ్మ చుట్ట బయటికి తీసింది. "ఊరికే ఏదీ ఉండదురా. రాసిన అచ్చరం పలకపోతే అదెక్కడికెల్తాది? ఎవులో ఒకలి ఒంట్లో దూరతాది."

ఇంత మంచి మాట నా ఒక్కడి దగ్గరే ఉంచుకోవడం అన్యాయం అనిపించింది. కల్లు పాకలో చెప్పాను, మంగలి దగ్గర చెప్పాను, పెసిరెంటు మావ అరుగు మీద మామ్మ గొంతు అనుకరిస్తూ చెప్పాను. పెసిరెంటు మావంటే మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు, వరసకి నాన్నకి బావ. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ జోకు ఊరంతా తిప్పింది నేనే. ఇంకెవరూ కాదు.

శాంతమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. ఊరి చివర జీడితోటలో మిషన్ వాళ్ళ బంగళా ఒకటి ఉండేది. అందులో కెనడా నుంచి వచ్చిన డాక్టరు దొరసాని చాలా ఏళ్ళు వైద్యం చేసి, ముసలితనం వచ్చాక తిరిగి వెళ్ళిపోయింది. బంగళా తాళాలు ఆయా శాంతమ్మ దగ్గర ఉండిపోయాయి. తాళాలు తీసుకోవడానికి ఎవరూ రాలేదు. ఆమె వెనక వంటగదిలో ఉంటూ ఊళ్ళో వాళ్ళకి చోళ్ళు, ధాన్యం దంచిపెట్టి బతికేది. డెబ్బై దాటినా నోట్లో ఒక్క పన్ను కదల్లేదు. మామ్మ ఈడు ఆడవాళ్ళందరికీ చుట్టల ధర్మమా అని పళ్ళు తాటిటెంకల రంగులో ఉంటే, శాంతమ్మవి మాత్రం కొబ్బరిముక్కల్లా ఉండేవి. రోజూ ఉప్పూ బొగ్గుపొడీ వేసి తోమేది. చెరుకుగడ పళ్ళతోనే చీల్చేది, కత్తి అడిగేది కాదు. ఆమెకి ఉన్న ఆస్తి అదే. చూపించుకోవడానికి సంకోచించేది కూడా కాదు.

ఇంట్లో మామ్మ పోరు పడలేక ఒకనాడు పుస్తకం పట్టుకుని జీడితోటలోకి వెళ్ళాను. చెట్లకి పాఠం చెబుతున్నట్టు గట్టిగా వల్లిస్తున్నాను. కంచె అవతల దంపుడు ఆగింది. నవ్వు వినబడింది.

"ఏటి బాబూ, 'నూస్, నూస్' అని పాము బుసకొట్టినట్టు అంతన్నావు?"

"నీకేం తెలుసు శాంతమ్మా, ఇది ఫ్రెంచి."

"అందుకే నవ్వొస్తన్నాది. దొరసాని ఇంటే ఏడిసీది. ఇటొచ్చి కూకో." రోకలి ఎత్తింది. "నుజావోఁ. మాకున్నాది అనడం. మూడు పోట్లు. ఇను. ను." దెబ్బ. "జా." దెబ్బ. "వోఁ." దెబ్బ. "రెండు మాటల్నీ ఇడదీసి పలక్కు. మొదటి మాట తోక రెండో మాటకి తల అయిపోతాది. ఇప్పుడు నువ్వను."

ఆ దొరసాని కెనడాలో ఫ్రెంచి మాట్లాడే ఇంట పుట్టిన మనిషట. ఇక్కడ తోటి దొరలందరిదీ ఇంగ్లీషు. ఏళ్ళు గడిచేకొద్దీ తల్లి భాష మరిచిపోతానేమోనని భయం పట్టుకుని, దంచుతున్న ఆయా పక్కన కూర్చుని క్రియాపదాలు ఒక్కొక్కటీ చెప్పించేదట. "నా కోసం నేర్పనేదు బాబూ. మాటాడ్డానికి ఆవిడికి ఒక మనిషి కావాల. అంతే" అంది శాంతమ్మ. ఆమెకి ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాయడం రాదు. ఫ్రెంచిలో పలకని అక్షరాలున్నాయని నేను చెబితే ఆశ్చర్యపోయింది. పలకని దాన్ని రాయడం దేనికి, సిరా దండగ అంది. నా దగ్గర అక్షరాలున్నాయి, శబ్దం లేదు. ఆమె దగ్గర శబ్దం ఉంది, అక్షరాలు లేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పాసయ్యేటట్టు ఉంది.

రోజూ ఉదయం వెళ్ళేవాణ్ణి. రోకటిపోటుకి ఒక అక్షరం. 'ను ఫినిసోఁ' అంటే నాలుగు పోట్లు, 'వు పార్లే' అంటే మూడు. బళ్ళో పద్యాలకి గణాలు కట్టిన చెయ్యి కనక, ప్రతి మాటనీ నిలువు గీతలతో కోసి, తేలిక అక్షరం మీద లఘువుకి నిలువు గీత, బరువు దాని మీద గురువుకి కొక్కెం పెట్టుకుంటూ నోటుపుస్తకం నింపేశాను. అన్నిటికంటే కష్టం 'త్యు'. నువ్వు అని అర్థం. దానికి శాంతమ్మ నాకెదురుగా కూర్చుని, "మూతి సున్నాలా సుట్టు. ఆఁ, అలగ. ఇప్పుడు మూతి కదపకుండా లోపల 'ఈ' అను" అనేది. ఆమె మూతి చుట్టేది, నేనూ చుట్టేవాణ్ణి, చాలాసేపు అలా ఒకరినొకరం చూస్తూ ఉండేవాళ్ళం. కంచె పక్కనుంచి పొలాలకి పోయేవాళ్ళు ఆగి చూసి పోయేవారు.

ఒకనాడు ఎనామిల్ గ్లాసులో టీ ఇస్తూ చెప్పింది. "'త్యు' అంటే నువ్వు, 'వు' అంటే మీరు. దొరసాని నన్ను 'వు' అనీది బాబూ. పాతికేళ్ళు. ఒక్కనాడు 'త్యు' అననేదు." నేను టీ తాగాను. ఆమె మామ్మ ఈడుది, నేను ఆమెని పేరెట్టి నువ్వనే పిలిచేవాణ్ణి, ఊరంతా అలాగే పిలిచేది. అందులో విడ్డూరం ఉందని అప్పుడు నాకు తోచలేదు. తోచిందేమిటంటే, ఆమె చేతి టీ తాగిన సంగతి ఇంట్లో తెలియకూడదని. దారిలో జీడిపండు నమిలి నోరు కడుక్కుని గుమ్మం ఎక్కేవాణ్ణి. మామ్మ అయినా ముక్కు ఎగబీల్చేది. ఎక్కడ చదివావంటే తోటలో అనేవాణ్ణి. అబద్ధం కాదు.

ఆషాఢం వచ్చింది. ఒక పొద్దున్న పెసిరెంటు మావ లేచేసరికి మూతి ఎడమపక్కకి తిరిగిపోయింది. ఒక కన్ను మూతపడదు, నీళ్ళు పుక్కిలిస్తే పక్కనుంచి కారిపోతాయి. మంచులో పడుకున్నాడని కొందరన్నారు. ఆషాఢంలో మంచెక్కడిదని ఇంకొందరన్నారు. మధ్యాహ్నానికి ఒక మాట పుట్టింది, సాయంత్రానికి ఇంటింటా దానికి పీటేశారు. చిల్లంగి. చేతబడిని మా వైపు అలా అంటారు. మూతులు తిప్పుకుంటూ కూర్చున్న మనుషుల్ని అందరూ చూశారు. మూతి తిరిగిన మనిషిని కూడా అందరూ చూశారు. మధ్యలో మిగిలింది చిన్న కూడిక.

చిల్లంగికి మందు మా వైపు అందరికీ తెలిసిందే. మంత్రం అన్నాక అక్షరం తప్పకూడదు, తప్పితే పారదు. అందుకని అనుమానం ఉన్న మనిషికి ముందుపళ్ళు పీకేస్తారు. ఇక నోరు తిన్నగా పలకదు, మంత్రం బెడిసిపోతుంది. ఉచ్చారణ విషయంలో మా ఊరికి ఉన్న పట్టింపు మా కాలేజీకి లేదు. పోలీసులకి చెప్పడం అనే ఆలోచన ఎవరికైనా వచ్చిందేమో నాకు తెలియదు. ఆ రోజుల్లో పోలీసులకి కొండల మీద నక్సలైట్లతో వేరే పని ఉండేది.

మర్నాడు ట్రంకుపెట్టె తీస్తే నా నోటుపుస్తకం లేదు. ఇంట్లో ఎవర్ని అడిగినా మొహం పక్కకి తిప్పారు. నాన్న పశువులకి గడ్డి వేస్తూ, వెనక్కి తిరక్కుండానే, "రేపు కళ్ళం దగ్గరికి పిలుస్తారు. ఏటడిగినా నీకేటీ తెల్దను" అన్నాడు. పుస్తకం ఆయనే ఇచ్చాడని ఆ క్షణంలో నిశ్చయించుకున్నాను.

కళ్ళం నిండా మనుషులు. వేసవి నూర్పుల గడ్డి ఇంకా ఒక పక్కన వాము వేసి ఉంది. పెసిరెంటు మావ మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆయన గొణిగింది మాకు అర్థం కాదు కనక ఆయన భార్య, నాకు అత్త, పక్కనే నిలబడి చెబుతోంది. కమ్మరి అప్పన్న పట్టకారు భుజానేసుకుని వచ్చి, దాన్ని గడ్డి మీద పెట్టి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా కూర్చున్నాడు. శాంతమ్మ తెల్ల చీర కట్టుకుని, చర్చికి వచ్చినట్టు నీటుగా వచ్చింది.

అత్త నా పుస్తకం తెరిచి పట్టుకుంది. "ఇది నీదేనేట్రా?"

"ఔనత్తా."

"ఈ గీతలేటి? ఈ కొక్కేలేటి?"

"అక్షరాలు విడగొట్టిన గుర్తులు."

"ఇడగొట్టిన అచ్చరాలు ఎక్కడికెల్లినాయి?" అత్త పుస్తకం మూసింది. "నువ్వే కదరా మా అరుగు మీద కూకుని సెప్పినావు? పలకని అచ్చరం ఎవులో ఒకలి ఒంట్లో దూరతాదని? మావ ఎంత నవ్వినాడు! ఇప్పుడు నవ్వమను, సూద్దాం."

మంచం మీద తువ్వాలు కదిలింది. అది జోకత్తా, అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా. నవ్వే మొహం ఒక్కటైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాను. జోకు చెప్పడానికి అంతకంటే కష్టమైన చోటు నాకు తర్వాత ఎక్కడా తగల్లేదు.

"ఈ ముసిల్ది నీకేటి నేర్పినాది? అది సెప్పు."

వెనక నాన్న దగ్గాడు. శాంతమ్మ నా వైపు తిరిగి, పాఠం అడిగే గొంతుతోనే అంది: "సెప్పు బాబూ. మన పాఠం ఒక్కసారి సెప్పు. మేం మాటాడతాం, మీరు మాటాడతారు, అంతే కదా. అర్దం కూడా సెప్పు. ఆళ్ళే ఇంటారు."

నేను చెప్పవలసింది మూడు ముక్కలు. ఇది పరీక్షకి చదివే భాష, ఈమె నాకు పంతులమ్మ, రోజూ ఈమె ఇంట్లో కూర్చుని టీ తాగాను. మొదటిది చెబితే రెండోది చెప్పాలి, రెండోది చెబితే మూడోది చెప్పాలి. మూడోది నాన్న వింటాడు. ఆ తర్వాత పట్టకారు ముందు ఎన్ని నోళ్ళు ఉంటాయో తెలియదు. "నాకు రాదు" అన్నాను. యూనివర్సిటీ వారు కూడా అదే అభిప్రాయంలో ఉన్నారు కనక దాన్ని పూర్తిగా అబద్ధం అనలేం.

శాంతమ్మ ఇక నన్ను చూడలేదు. అప్పన్నని మాత్రం చూసి, "మీ అమ్మకి పురుడోసింది దొరసాని. దీపం పట్టుకున్నది నాను" అంది. అప్పన్న లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, ఎవరో అదిలిస్తే మళ్ళీ లేచాడు. పైన రెండు, కింద రెండు. నేను చూడలేదు. గడ్డి వాము మీద ఒక కాకి కూర్చుని ఉంటే దాన్ని చూశాను. చెవులకి అలాంటి సదుపాయం లేదు.

అయిదు వారాల్లో పెసిరెంటు మావ మూతి సరిపోయింది. పూర్తిగా. కన్ను మూతపడింది, నీళ్ళు కారడం ఆగింది, మునుపటిలా పంచాయతీలు చెప్పాడు. అలాంటి మూతివాతం చాలామందికి దానంతటదే తగ్గుతుందని నేను చాలా ఏళ్ళకి ఒక డాక్టరు దగ్గర విన్నాను. అప్పుడు మాత్రం ఊళ్ళో ఒక్కరికీ సందేహం మిగల్లేదు. నాకు మిగిలిందా అంటే, డిగ్రీ చదువుతున్న నేను కూడా ఒక పొద్దున్న అంబలి తాగుతూ వారాలు లెక్కపెట్టుకున్నాను. పళ్ళు పోవడం, మూతి సరిపోవడం... కొంచెంసేపే. అయినా లెక్కపెట్టుకున్నాను.

సెప్టెంబరులో నోటి పరీక్షకి అదే పెద్దమనిషి వచ్చారు. నేను నోరు తెరిచేసరికి పెన్ను కింద పెట్టారు. నేను పలికిన 'త్యు' మీద కొంచెం 'త్సు' వాసన ఉందట. అది పారిస్ మాట కాదట, కెనడాలో పల్లెటూరి వాళ్ళు అలా అంటారట. నన్ను కింద నుంచి పైకి చూశారు. "ఎవరయ్యా నీకు నేర్పింది?" అని అనుమానంగా అడిగారు. నేనే చదువుకున్నానండి, అన్నాను. పాస్ చేశారు. బియ్యం మిల్లు తప్పింది.

నాన్న బతికున్నన్నాళ్ళూ నేను ఆయనతో మనసిచ్చి మాట్లాడలేదు. ఆయన పోయిన తర్వాత, మామ్మ ఇంకా గట్టిగా ఉండి, ఒక మధ్యాహ్నం అడ్డపొగ తాగుతూ, నేనేదో నాన్నని తప్పుపడితే చుట్ట బయటికి తీసింది. "పుస్తకం ఆడు ఇయ్యలేదురా. నాను ఇచ్చినాను. నీ పళ్ళో, దాని పళ్ళో. నువ్వయితే ఏటి సేసీవోడివి?" చుట్ట మళ్ళీ లోపల పెట్టేసుకుంది. అన్నేళ్ళూ నేను తప్పు మనిషిని అనుమానించాను. సరైన మనిషిని తప్పుపట్టడానికి అప్పటికి మనసు రాలేదు. ఆవిడ అన్నదాంట్లో లెక్క తప్పు లేదు.

ఇప్పుడు మా ఊరికి ఆటోలో పోవచ్చు. జీడితోటలో బంగళా లేదు, ఇంగ్లీషు మీడియం బడి ఉంది. పెసిరెంటు మావ మనవడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు. చదువుకున్న కుర్రాడు, మర్యాదస్తుడు, నన్ను చూస్తే లేచి నిలబడతాడు. ఏ దేశం భాషైనా ఫోన్లో ఎలా పలకాలో అదే చెబుతుందని నాకు చూపించాడు. ఏ అక్షరానికా అక్షరం విరిచి, తిన్నగా, తప్పులేకుండా పలికింది. పోయిన నెల వెళ్ళినప్పుడు వాడే అన్నాడు, "మా తాతకి చిల్లంగి పెడితే ముసిల్దానికి పళ్ళు పీకించారట కదా తాతా?" అని. అది చిల్లంగి కాదని, మూతివాతమని, దానికి ఒక ఇంగ్లీషు పేరు కూడా ఉందని చెప్పాను. వాడు ఆ పేరు ఫోన్లో వెతికి, చదివి, ఔననుకుని, "మరి పళ్ళు తీసేకే ఎందుకు తగ్గినాది?" అన్నాడు. వాడి కళ్ళలో వాళ్ళ నానమ్మ కనిపించింది. లేచి వచ్చేశాను.

ఆనాడు పరీక్ష పాసైన వారం శాంతమ్మ దగ్గరికి వెళ్ళాను. వట్టి చేతులతో వెళ్ళకూడదని చీపురుపల్లి బజార్లో పావుశేరు జీళ్ళు కొన్నాను. పళ్ళకి అంటుకుని సాగే బెల్లం జీళ్ళు. ముందుపళ్ళు లేని మనిషికి జీళ్ళు తీసుకెళ్ళాలంటే నా పాటి చదువుండాలి. ఆమె దంచడం ఆపలేదు. పొట్లం విప్పి చూసి, ఒకటి తీసి బుగ్గన పెట్టుకుని చప్పరించింది. అక్కడ మునుపటిలా పీట వేయలేదు, కూర్చోమనలేదు. పాసయ్యానని చెప్పాను. నమ్మించడానికన్నట్టు, పరీక్షలో అన్నవన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పాను, అక్షరాలు విరిచి, తోకలు తలలకి కలిపి, మూతి సున్నాలా చుట్టి. ఆమె రోకలి నా మాటలకి తాళం వేసిందో, లేక దాని పని అది చేసుకుపోయిందో తెలియదు. చివరికి పోటు ఆపి, కొంగుతో మూతి తుడుచుకుని నా వైపు చూసింది. గాలి ముందే బయటికి పోతోంది కనక ఒక్కొక్క మాటా నిదానంగా పలికింది.

"నీకు సదువొచ్చినాది బాబూ. నోరే రానేదు."